ఎలుకల్లో నొప్పి కొలవడానికి ఏ పరీక్ష? హాట్ ప్లేట్ నుంచి వాన్ ఫ్రే దాకా, ఎవరికి ఏది పనికొస్తుంది

ఫార్మకాలజీలో ఎం.ఫార్మసీ ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లు, పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "నొప్పి తగ్గించే గుణం చూడాలి, ఏ పరీక్ష పెట్టుకోమంటారు?" చాలా కాలేజీల్లో దీనికి జవాబు ల్యాబ్ బల్ల మీదే ఉంటుంది. హాట్ ప్లేట్ (వేడి పలక) ఉంది, ఎసిటిక్ యాసిడ్ ఉంది, ఆ రెండూ రాసేస్తే సినాప్సిస్ అయిపోతుంది. ఫలితాలు ముందేసుకుని కూర్చున్నప్పుడు అసలు చిక్కు బయటపడుతుంది. హాట్ ప్లేట్‌లో ఏమీ రాలేదు, రైతింగ్‌లో (ఎసిటిక్ యాసిడ్ ఇచ్చి మెలికలు లెక్కపెట్టే పరీక్ష) బ్రహ్మాండంగా వచ్చింది. ఇంతకీ మందు పనిచేసినట్టా, చేయనట్టా?

ఎలుక తన నొప్పి ఎంతో నోటితో చెప్పలేదు. తోక ఎన్ని సెకన్లకు లాక్కుంది, అరికాలు ఎంత ఒత్తిడికి ఎత్తింది, గాయమైన కాలును ఎంతసేపు నాకింది అన్నవే మనకు దొరికే కొలతలు. వాటిలో ప్రతి ఒక్కటీ చర్మం నుంచి వెన్నుపాము మీదుగా మెదడు దాకా వెళ్లే దారిలో ఏదో ఒక భాగాన్నే పట్టుకుంటుంది. మీ ప్రశ్న ఏ భాగానికి సంబంధించిందో తేల్చుకోకుండా పరికరాన్ని బట్టి పరీక్ష ఎంచుకుంటే, జంతువులు అనవసరంగా బాధపడతాయి, థీసిస్‌లో చెప్పడానికీ ఏమీ మిగలదు. అందుకే ఈ పోలిక ప్రశ్నలతో మొదలవుతుంది. ఇందులో ఎలుక అంటే ర్యాట్, చిట్టెలుక అంటే మౌస్.

## పరికరం చూసేముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు ఇది: మీరు చూడాలనుకునేది ఆరోగ్యంగా ఉన్న జంతువు ఓర్పు పెరిగిందా అనా, లేక వాపో నరం దెబ్బో ఉన్న జంతువులో ఎక్కువైపోయిన సున్నితత్వం తగ్గిందా అనా? మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్లు రెండిట్లోనూ పనిచేస్తాయి. డైక్లోఫెనాక్, ఇండోమెథసిన్ లాంటివి వాపు వల్ల పెరిగిన సున్నితత్వాన్ని తగ్గిస్తాయి గానీ, ఏ దెబ్బా లేని జంతువు ఓర్పును పెద్దగా పెంచవు. గాబాపెంటిన్ నరాల నొప్పిలో బాగా కనిపిస్తుంది, మామూలు ఎలుకను వేడి పలక మీద పెడితే దాదాపు ఏమీ చూపదు. ఈ ఒక్క తేడా మనసులో ఉంటే పైన చెప్పిన చిక్కులో సగం విడిపోతుంది.

రెండోది, మీరు కొలిచే స్పందన ఎక్కడ పుడుతోంది? తోక లాక్కోవడం వెన్నుపాము స్థాయి రిఫ్లెక్స్. మెదడుతో సంబంధం తెగిపోయిన ఎలుకలోనూ అది కనిపిస్తుంది. కాలు నాక్కోవడానికి, ఎగిరి తప్పించుకోవడానికి మెదడు కావాలి. ఏ గది మంచిదో గుర్తుపెట్టుకుని అటు వెళ్లడానికి మెదడు ఇంకా ఎక్కువ కావాలి.

మూడోది, ఏ రకం నొప్పి? వేడి, ఒత్తిడి, చలి, రసాయనం వేర్వేరు గ్రాహకాల ద్వారా వెళ్తాయి. టీఆర్‌పీవీ1 అనే వేడి గ్రాహకం జన్యువు తీసేసిన చిట్టెలుకలు వేడికి ఆలస్యంగా స్పందిస్తాయి, తీవ్రమైన ఒత్తిడికి మాత్రం మామూలుగానే స్పందిస్తాయి. కాబట్టి వేడి పరీక్ష ఒక్కటే చేసి "నొప్పి సున్నితత్వం తగ్గింది" అని రాస్తే అది చేసిన పనికి మించిన మాట.

ఇవి తేలాక మిగతావి సులువు. మందు ఇచ్చాక 30, 60, 90, 120 నిమిషాలకు అదే జంతువుపై రీడింగ్ తీయాలా? నిద్రమత్తు, కండరాల సడలింపు, శరీర ఉష్ణోగ్రత మార్పు లాంటివి నొప్పి తగ్గినట్టు భ్రమ కలిగిస్తాయా? జంతువు నొప్పి నుంచి తనంతట తాను తప్పుకోగలదా, లేక అరగంటసేపు భరించాల్సిందేనా? ఈ చివరి ప్రశ్నకు ఎథిక్స్ కమిటీ కోసం మాత్రమే జవాబు రాసేవాళ్లు ఎక్కువ. అది మీ కోసం కూడా. బెదిరిపోయిన జంతువు ఇచ్చే అంకెలు నమ్మదగినవి కావు.

## వేడి పరీక్షలు మూడు

### టెయిల్ ఫ్లిక్

1941లో డామూర్, స్మిత్ వర్ణించిన పద్ధతి. తోక మీద కాంతి వేడి పడేలా చేసి, లాక్కునేదాకా సెకన్లు లెక్కపెడతారు. మన కాలేజీల్లో ఎనాల్జిసియోమీటర్ పేరుతో ఉండేది దీనికి దగ్గరి పరికరమే, అందులో కాంతికి బదులు వేడెక్కిన నైక్రోమ్ తీగ వేడి తగులుతుంది. 50 నుంచి 55 డిగ్రీల నీళ్లలో తోక ముంచడం మరో రూపం. మందు ఇవ్వకముందు 2 నుంచి 4 సెకన్లలో లాక్కునేలా వేడిని సర్దుకుంటారు, 10 సెకన్లు దాటనివ్వరు.

ఓపియాయిడ్లకు ఇది చక్కగా స్పందిస్తుంది. త్వరగా అయిపోతుంది, ఒకే జంతువుపై చాలాసార్లు తీయొచ్చు. ప్రతిసారీ తోక మీద చోటు కొద్దిగా మార్చాలి. బలహీనత తోకలోనే ఉంది. ఎలుక తన ఒంటి వేడిని తోక ద్వారా వదులుతుంది, కాబట్టి రక్తనాళాలను విప్పార్చే మందు ఇస్తే తోక చర్మం ముందే వెచ్చబడి తొందరగా లాక్కుంటుంది, కుదించే మందు ఇస్తే తోక చల్లబడి ఆలస్యమవుతుంది. అప్పుడు మీ అంకెలో నొప్పి కథ ఎంత, రక్తప్రసరణ కథ ఎంత? ఏసీ ఒక రోజు వేసి ఒక రోజు ఆపే గదిలో ఈ పరీక్ష చేయొద్దు.

### హాట్ ప్లేట్

1944లో వూల్ఫ్, మెక్‌డొనాల్డ్ మొదలుపెట్టగా, 1953లో ఎడ్డీ, లీంబాక్ మెరుగుపరిచారు. అందుకే ఇప్పటికీ "ఎడ్డీస్ హాట్ ప్లేట్" అంటాం. పలకను 55 డిగ్రీల దగ్గర నిలిపి, చిట్టెలుకను దాని మీద వదిలి, స్పందించేదాకా సమయం చూస్తారు. 30 సెకన్లు గరిష్ఠ హద్దుగా పెట్టుకునేవాళ్లున్నారు, మన ల్యాబుల్లో చాలామంది 15 సెకన్లే పెట్టుకుంటారు. ఆ సమయానికి స్పందన రాకపోయినా తీసేయాల్సిందే.

స్పందన అంటే ఏమిటన్న దగ్గరే చాలా థీసిస్‌లు తడబడతాయి. దగ్గరగా కూర్చుని చూడండి. పలక మీద పెట్టిన చిట్టెలుక మొదట ఒకట్రెండు సెకన్లు వాసన చూస్తూ తిరుగుతుంది. తర్వాత ముందు కాళ్లు ఎత్తి నాక్కుంటుంది. అది వేడి వల్ల కావచ్చు, మామూలుగా ఒళ్లు శుభ్రం చేసుకోవడమూ కావచ్చు. ఆ తర్వాత వెనక కాలు విదిలిస్తుంది, లేదా పైకెత్తి నాకుతుంది, చివరికి ఎగురుతుంది. ఒకరు ముందు కాలు నాకగానే బటన్ నొక్కి, ఇంకొకరు ఎగిరేదాకా ఆగితే, ఒకే మందుకు రెండు ఫలితాలు వస్తాయి. వెనక కాలు నాకడం, విదిలించడం, ఎగరడంలో ఏది ముందొస్తే అది అని నిర్ణయించుకుని, ప్రోటోకాల్‌లో ఆ మాటలే రాసి, చివరిదాకా మార్చకుండా ఉండటం నాకు నచ్చిన పద్ధతి.

జంతువు నేర్చుకుంటుందన్నది రెండో సమస్య. ఒకసారి కాలిన చిట్టెలుక రెండోసారి పలక మీద పెట్టగానే ఎగురుతుంది, కాబట్టి మందు ఇవ్వని గుంపులో కూడా సమయం తగ్గుతూ వస్తుంది. రీడింగులు తక్కువ పెట్టుకోండి. ప్రతి జంతువు తర్వాత పలక తుడవండి, ముందుదాని మూత్రం వాసన తర్వాతిదాన్ని కలవరపెడుతుంది.

మూడోది అన్నిటికన్నా పెద్దది. మత్తు కలిగించే మందు ఏదైనా ఇక్కడ నొప్పి మందులాగే కనిపిస్తుంది. మొక్కల సారాల్లో మత్తు గుణం అరుదేమీ కాదు. అందుకని హాట్ ప్లేట్ పక్కన రోటారాడ్ తప్పనిసరి. అదే డోసులో జంతువు తిరిగే కడ్డీ మీద నిలబడగలిగితేనే హాట్ ప్లేట్ అంకెకు విలువ.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. హాట్ ప్లేట్‌లో డైక్లోఫెనాక్‌ను స్టాండర్డ్‌గా, అంటే పోలిక మందుగా, పెట్టడం పొరపాటు ఎంపిక. మార్ఫిన్ లైసెన్సు లేకుండా దొరకదు, పెంటజోసిన్, ట్రమడాల్ కూడా ఎన్‌డీపీఎస్ మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి (ట్రమడాల్‌ను 2018లో చేర్చారు), కాబట్టి కాలేజీలు చేతికి అందిన మందు వాడేస్తాయి. కాగితాల పని ముందుగా మొదలుపెట్టి ఓపియాయిడ్ తెచ్చుకోండి. అది కుదరకపోతే హాట్ ప్లేట్ మానేసి, డైక్లోఫెనాక్ నిజంగా పనిచేసే పరీక్షకు మారండి.

### హార్‌గ్రీవ్స్ పరీక్ష

1988లో హార్‌గ్రీవ్స్ బృందం కారజీనన్ అనే పదార్థంతో తెప్పించిన వాపు మీద చూపిన పద్ధతి. గాజు నేల మీద జంతువు స్వేచ్ఛగా ఉంటుంది, కింది నుంచి ఒక అరికాలి మీద మాత్రమే కాంతి వేడి పడుతుంది, కాలు ఎత్తగానే పరికరమే సమయం నమోదు చేస్తుంది. సాధారణంగా 10 సెకన్ల దగ్గర బేస్‌లైన్ (మందు ఇవ్వకముందు సమయం), 20 సెకన్ల దగ్గర హద్దు పెట్టుకుంటారు.

ఒక కాలికి వాపు తెప్పించి, రెండో కాలిని అదే జంతువులో పోలికకు వాడుకోవచ్చన్నది దీని బలం. వాపు నొప్పి మీ ప్రశ్న అయితే వేడి పరీక్షల్లో ఇదే నా ఎంపిక. దిగుమతి పరికరం కాబట్టి ధర లక్షల్లో ఉంటుంది. గాజు మీద తడి ఉన్నా, కాలు గాజుకు సరిగా ఆనకపోయినా అంకె మారిపోతుంది.

## ఒత్తిడి పరీక్షలు: వాన్ ఫ్రే, ర్యాండల్–సెలిట్టో

ఆస్ట్రియన్-జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త మాక్స్ వాన్ ఫ్రే 19వ శతాబ్దం చివర్లో మనుషుల చర్మం మీద స్పర్శను వెంట్రుకలతో కొలిచాడు. ఇప్పుడు నైలాన్ తంతువులు. ఒక్కో తంతువు ఒక్కో బలం దగ్గర వంగుతుంది, అంతకు మించి ఎంత నొక్కినా బలం పెద్దగా పెరగదు. ఇంత సాదా సాధనంతో నరాల నొప్పి పరిశోధన సగం నడుస్తోంది.

పని జరిగే తీరు ఇది. జాలీ నేల మీద పారదర్శకమైన డబ్బాలో ఎలుకను ఉంచి, తిరగడం ఆపి స్థిమితపడేదాకా ఆగాలి. అరగంట పట్టొచ్చు, గంటా పట్టొచ్చు. ఇక్కడ తొందరపడితే తర్వాత తీసిన రీడింగులన్నీ దండగే. అప్పుడు జాలీ కింది నుంచి తంతువును అరికాలి మధ్యలో నిటారుగా ఆనించి, కొద్దిగా విల్లులా వంగేదాకా నొక్కి, కొన్ని సెకన్లు పట్టి ఉంచాలి. చటుక్కున కాలు లాక్కున్నా, విదిలించినా, నాకినా అది స్పందన. నడుచుకుంటూ కాలు తీస్తే లెక్కలోకి రాదు, మళ్లీ చేయాలి.

1994లో చాప్లాన్ బృందం స్థిరపరిచిన పైకి–కిందికి పద్ధతిలో ఎలుకకు 2 గ్రాముల తంతువుతో మొదలుపెడతారు. స్పందించకపోతే తర్వాతి బలమైనది, స్పందిస్తే తర్వాతి బలహీనమైనది. స్పందన మొదటిసారి మారిన చోటి నుంచి మరో నాలుగు రీడింగులు తీసి, సగం సార్లు స్పందించే బలం ఎంతో లెక్కకడతారు. ఎలుకల్లో 15 గ్రాములు పై హద్దు. నరం దెబ్బతిన్న ఎలుకల్లో ఈ అంకె 4 గ్రాములకో, అంతకన్నా కిందికో దిగితే అలొడైనియా ఉన్నట్టు చాలామంది లెక్కిస్తారు, అంటే నొప్పి కలిగించకూడని స్పర్శకే కాలు లాక్కుంటోందన్నమాట. చిట్టెలుకలకు తంతువులు ఇంకా సన్నవి, సాధారణంగా 2 గ్రాములు కూడా దాటవు.

ఇబ్బందులూ ఉన్నాయి. చేసేవారి చేతి తీరు అంకెలో కనిపిస్తుంది, కాబట్టి ఒక ప్రయోగమంతా ఒకరే చేయాలి, ఏ జంతువు ఏ గుంపుదో ఆ మనిషికి తెలియకూడదు. నైలాన్ గాలిలో తేమను పీల్చుకుని మెత్తబడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో వానాకాలంలో పనిచేసేవాళ్లు ప్రతి తంతువునూ డిజిటల్ తూకం మీద నొక్కి, దాని మీద రాసిన గ్రాములు నిజంగా వస్తున్నాయో లేదో చూసుకోవాలి. నరం దెబ్బ నమూనా ఏదన్నదాన్ని బట్టి అరికాల్లో తాకే చోటూ మారుతుంది. 2000లో డెకోస్టర్డ్, వూల్ఫ్ ఇచ్చిన ఎస్‌ఎన్‌ఐ నమూనాలో (సయాటిక్ నరం కొమ్మల్లో కొన్నిటిని తెంచి ఒకదాన్ని వదిలేసేది) సున్నితత్వం పాదం బయటి అంచున బలంగా ఉంటుంది, మధ్యలో తాకుతూ కూర్చుంటే ఫలితం పలచబడుతుంది.

ఎలక్ట్రానిక్ వాన్ ఫ్రేలో గట్టి మొనతో ఒత్తిడి పెంచుకుంటూ పోతారు, పరికరమే అంకె చూపిస్తుంది. పని త్వరగా అవుతుంది. దాని గ్రాములను తంతువుల గ్రాములతో పోల్చకూడదు, అవి రెండు వేర్వేరు కొలతలు.

ర్యాండల్–సెలిట్టో 1957 నాటిది. ఎలుకను చేత్తో పట్టుకుని వాచిన పాదం మీద పెరిగే ఒత్తిడి పెడతారు. అసలు పద్ధతిలో వాపు ఈస్ట్ సూదితో తెప్పించారు. హద్దు తరచుగా 250 గ్రాములు. వాన్ ఫ్రే తాకిడిని చూస్తే ఇది లోతైన నొక్కుడును చూస్తుంది. జంతువును చాలా రోజులు చేతికి అలవాటు చేయకపోతే భయమే ఫలితాన్ని నడిపిస్తుంది. చిట్టెలుకలకు నేను సూచించను.

చలి గురించి క్లుప్తంగా: అరికాలి కింద అసిటోన్ చుక్క పెడితే అది ఆవిరవుతూ చల్లబరుస్తుంది, నరం దెబ్బతిన్న జంతువు కాలు విదిలిస్తుంది. ఖర్చు దాదాపు లేదు. ఆక్సాలిప్లాటిన్ తీసుకునే క్యాన్సర్ రోగులకు చల్లటి వస్తువు తాకితేనే నొప్పి పుడుతుంది. ఆ నమూనా మీద పనిచేసేవాళ్లు దీన్ని వదలకూడదు.

## రసాయన పరీక్షలు: రైతింగ్, ఫార్మలిన్

రైతింగ్‌లో చిట్టెలుక పొట్ట కుహరంలోకి సూదితో 0.6 శాతం ఎసిటిక్ యాసిడ్, కిలోకు 10 మిల్లీలీటర్ల చొప్పున ఇచ్చి, కొన్ని నిమిషాలాగి, పొట్ట బిగబట్టి ఒళ్లు సాగదీసే మెలికలను 10 నుంచి 20 నిమిషాల పాటు లెక్కపెడతారు. ఆస్పిరిన్ లాంటి బలహీనమైన మందులు కూడా ఇందులో బయటపడతాయి. చిక్కు అక్కడే ఉంది. యాంటీహిస్టమిన్లు, కండరాలు సడలించేవి, నొప్పితో సంబంధం లేని ఇంకెన్నో మందులు మెలికలను తగ్గిస్తాయి. కాబట్టి రైతింగ్‌లో ఏమీ రాకపోతే "బహుశా పనిచేయదు" అని కొంత నమ్మకంగా చెప్పొచ్చు. వస్తే మాత్రం అది తర్వాతి పరీక్షకు అనుమతి మాత్రమే. మీ సారాన్ని కూడా పొట్ట కుహరంలోకే సూదితో ఇస్తే అది యాసిడ్‌ను అక్కడికక్కడే పలచబరచవచ్చు, అందుకని నోటి ద్వారా ఇవ్వండి. జంతువు తప్పించుకునే వీలు లేకుండా బాధపడుతుంది, ఒక్కసారే వాడగలం. అవసరం గట్టిగా ఉంటేనే పెట్టుకోండి.

ఫార్మలిన్ పరీక్షను 1977లో డ్యుబుయిసన్, డెనిస్ ఎలుకల్లో, పిల్లుల్లో వర్ణించారు. 1987లో హున్‌స్కార్, హోలె చిట్టెలుకల్లో దాని రెండు దశలను విడదీసి చూపారు. వెనక పాదంలో 20 మైక్రోలీటర్ల పలుచటి ఫార్మలిన్ ఇస్తే మొదటి 5 నిమిషాలు జంతువు పాదాన్ని తెగ నాకుతుంది. తర్వాత కాసేపు నిశ్శబ్దం. మళ్లీ 15 నుంచి 30 నిమిషాల మధ్య రెండో విడత. మొదటి దశ నరాల కొసలను ఫార్మలిన్ నేరుగా రేపడం వల్ల వస్తుంది. రెండో దశలో వాపు, వెన్నుపాము సున్నితమవడం కలుస్తాయి. ఓపియాయిడ్లు రెండు దశలనూ తగ్గిస్తాయి, డైక్లోఫెనాక్ వర్గం ముఖ్యంగా రెండోదాన్ని.

మొక్కల సారం మీద పనిచేసే విద్యార్థికి ఒక్క పరీక్షే ఎంచుకోమంటే నేను చూపేది ఇదే. ఒకే జంతువు, ఒకే అరగంట, మందు ఏ వర్గం వైపు మొగ్గుతోందో కొంత తెలుస్తుంది. ఒక జాగ్రత్త ఉంది. సీసాలోని ఫార్మలిన్ అంటే దాదాపు 37 శాతం ఫార్మాల్డిహైడ్ ద్రావణం. మీరు "2.5 శాతం ఫార్మలిన్" అని రాస్తే ఆ సీసా ద్రావణంలో 2.5 శాతమా, ఫార్మాల్డిహైడే 2.5 శాతమా? రెండింటి మధ్య రెండున్నర రెట్లకు పైగా తేడా. ఎలా పలచబరిచారో థీసిస్‌లో పూర్తిగా రాయండి, రెండు దశలు స్పష్టంగా కనిపించే అతి తక్కువ గాఢత వాడండి. గది చల్లబడితే రెండో దశ మారుతుంది, ఉష్ణోగ్రత కూడా నమోదు చేయండి.

## రిఫ్లెక్స్ దాటి చూడాలంటే

నొప్పి సంకేతాలు మోసే పి పదార్థం (సబ్‌స్టెన్స్ పి) గ్రాహకాన్ని అడ్డుకునే ఎన్‌కే1 మందులు జంతువుల నొప్పి పరీక్షల్లో ఎంతో ఆశ రేపాయి. మనుషుల్లో నొప్పి తగ్గించడంలో విఫలమయ్యాయి. ఆ వర్గంలోని అప్రెపిటాంట్ చివరికి కీమోథెరపీ వాంతులకు మందుగా మిగిలింది. రోగి డాక్టరుతో చెప్పుకునేది ఎవరూ ముట్టుకోకపోయినా రోజంతా ఉండే నొప్పి. కాలు లాక్కునే పరీక్షలకు ఆ నొప్పి దొరకదు.

దాన్ని పట్టే ప్రయత్నాల్లో మౌస్ గ్రిమేస్ స్కేల్ ఒకటి. 2010లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ మోగిల్ బృందం ప్రచురించింది. కళ్లు బిగించడం, ముక్కు ఉబ్బడం, బుగ్గ ఉబ్బడం, చెవులు వెనక్కి వెళ్లడం, మీసాలు మారడం అనే ఐదింటికి 0, 1, 2 చొప్పున మార్కులు వేస్తారు. ఇందులో జంతువుకు మనం కొత్తగా నొప్పి పెట్టేదేమీ లేదు. శస్త్రచికిత్స తర్వాత కొన్ని గంటల నొప్పికి బాగా పనికొస్తుంది. నరం దెబ్బ నమూనాల్లో ఆ తొలి అధ్యయనంలోనే ముఖంలో మార్పు కనిపించలేదు. ఐసోఫ్లురేన్ మత్తు కూడా మార్కులు పెంచుతుంది, కాబట్టి మత్తు మాత్రమే ఇచ్చిన గుంపు ఒకటి ఉండాలి.

నరాల నొప్పి వల్ల వచ్చే నిరంతర బాధ చూడాలంటే ప్లేస్ ప్రిఫరెన్స్. నొప్పి తగ్గించే చికిత్స ఒక గదిలో ఇస్తారు, మరుసటి రోజు జంతువు ఏ గదిలో ఎక్కువసేపు ఉంటుందో చూస్తారు. 2009లో కింగ్ బృందం నరం దెబ్బతిన్న ఎలుకలు ఉపశమనం దొరికిన గదినే వెతుక్కుంటాయని, దెబ్బలేనివి పట్టించుకోవని చూపించింది. మార్ఫిన్ తనంతట తానే ఇష్టం పుట్టిస్తుంది కాబట్టి అలాంటి మందుకు ఈ పరీక్ష సూటిగా పనికిరాదు. ఆరు నెలల ప్రాజెక్టులో దీన్ని పెట్టుకోవద్దు, పీహెచ్‌డీలో మాత్రం తప్పక ఆలోచించండి.

## ఒక్క చూపులో

| పరీక్ష | దేన్ని చూస్తుంది | అదే జంతువుపై మళ్లీ | వేటికి బాగా స్పందిస్తుంది | జాగ్రత్త |
|---|---|---|---|---|
| టెయిల్ ఫ్లిక్ | వేడి, వెన్నుపాము రిఫ్లెక్స్ | చాలాసార్లు | ఓపియాయిడ్లు | తోక ఉష్ణోగ్రత |
| హాట్ ప్లేట్ | వేడి, మెదడు పాత్రతో | కొద్దిసార్లు | ఓపియాయిడ్లు | మత్తు, నేర్చుకోవడం |
| హార్‌గ్రీవ్స్ | వేడి, ఒక్కో పాదం విడిగా | రోజులు, వారాలు | వాపు నొప్పి మందులు, ఓపియాయిడ్లు | ధర, గాజు మీద తడి |
| వాన్ ఫ్రే | తాకిడి | వారాలు | నరాల నొప్పి మందులు | చేసేవారి చేతి తీరు, తేమ |
| ర్యాండల్–సెలిట్టో | లోతైన నొక్కుడు | అవును, అలవాటు చేస్తే | వాపు నొప్పి మందులు | పట్టుకోవడం వల్ల భయం |
| రైతింగ్ | కడుపు నొప్పి | లేదు | దాదాపు అన్నీ | తప్పుడు పాజిటివ్‌లు |
| ఫార్మలిన్ | రెండు దశల రసాయన నొప్పి | లేదు | దశను బట్టి వేర్వేరు | గాఢత, గది ఉష్ణోగ్రత |
| గ్రిమేస్ | ఉన్న నొప్పి, ముఖంలో | అవును | శస్త్రచికిత్స నొప్పి మందులు | మత్తు ప్రభావం |

## ఏ పరీక్షనైనా పాడుచేసేవి

2002లో మోగిల్ బృందం తమ దగ్గర పోగైన 8,000కు పైగా చిట్టెలుకల తోక రీడింగులను తిరగేసింది. అంకెల్ని అన్నిటికన్నా ఎక్కువగా మార్చింది ఎవరు కొలిచారన్నది. జంతువు జన్యువర్గం ప్రభావం కూడా దాని తర్వాతే. 2014లో అదే బృందం, గదిలో మగవాళ్లు ఉంటే, వాళ్లు తొడిగిన టీషర్టు ఉన్నా సరే, ఆ వాసన ఒత్తిడికి ఎలుకలు నొప్పిని తక్కువ చూపుతాయని నివేదించింది. సోమవారం ఒకరు, మంగళవారం ఇంకొకరు రీడింగులు తీసే అలవాటు ఉన్న ల్యాబులు దీన్ని మనసుకు తీసుకోవాలి. చేసే మనిషి మారకూడదు. మారక తప్పకపోతే ప్రతి మనిషీ ప్రతి గుంపులోని జంతువులనూ సమానంగా తీసుకోవాలి.

జంతువులు కొత్త చోటికి వచ్చాక కనీసం వారం ఆగండి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నుంచి మన కాలేజీలు ఏళ్ల తరబడి ఎలుకలు తెచ్చుకునేవి. ఎక్కడి నుంచి తెచ్చినా, బస్సులోనో వ్యానులోనో గంటల తరబడి ప్రయాణం చేసిన జంతువును మర్నాడే హాట్ ప్లేట్ ఎక్కించకూడదు. మగవాటినే వాడే అలవాటూ మానుకోవాలి. ఆడవాటిలో రీడింగులు మరీ చెదురుతాయన్న భయం పోగైన డేటాలో నిలవలేదు.

లెక్కల్లో ఒక చిన్న సంగతి. హద్దు సమయం పెట్టిన పరీక్షల్లో సెకన్లను నేరుగా సగటు తీయకుండా, గరిష్ఠ ప్రభావంలో శాతంగా మార్చండి: మందు తర్వాతి సమయం నుంచి బేస్‌లైన్ తీసేసి, హద్దు నుంచి బేస్‌లైన్ తీసేసిన దానితో భాగించి, 100తో గుణించాలి. వాన్ ఫ్రే గ్రాములను లాగ్‌లోకి మార్చాకే పోల్చండి.

## మీరు ఎవరైతే ఏది

నరాల నొప్పి, అంటే స్ట్రెప్టోజోటోసిన్‌తో తెప్పించిన మధుమేహమో, పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందో, కట్టిన నరమో మీ నమూనా అయితే: వాన్ ఫ్రే వెన్నెముక లాంటిది, పక్కన అసిటోన్. గాబాపెంటిన్ లేదా ప్రెగాబాలిన్ స్టాండర్డ్. హాట్ ప్లేట్ వద్దు. తంతువుల పెట్టె కొనడానికి కాలేజీ వెనకాడితే పరికరాల బడ్జెట్‌లో మొదటి వరుసలో దీన్నే రాయించండి. విద్యుత్తు అక్కర్లేదు, జాగ్రత్తగా వాడితే ఏళ్లు వస్తుంది.

వాపు నొప్పి అయితే: కారజీనన్ లేదా సీఎఫ్‌ఏ (ఇదీ వాపు తెప్పించేదే) ఇచ్చిన పాదం మీద హార్‌గ్రీవ్స్, అది లేకపోతే ర్యాండల్–సెలిట్టో. వాపు పరిమాణం తగ్గితే నొప్పి కూడా తగ్గిందని అనుకోవద్దు, రెండూ విడిగా కొలవాలి.

జన్యువు మార్చిన చిట్టెలుకల్లో తేడా వెతుకుతుంటే: ఒకే పరీక్షతో ఆగొద్దు. నొప్పి తక్కువ ఉన్నవి ముందు, ఎక్కువ ఉన్నవి చివర. వాన్ ఫ్రే, తర్వాత హార్‌గ్రీవ్స్, తర్వాత హాట్ ప్లేట్, అన్నిటికన్నా ఆఖర్న ఫార్మలిన్. రోటారాడ్ వీటన్నిటికన్నా ముందు.

జంతుశాల చూసుకునే వెటర్నరీ డాక్టరైతే: శస్త్రచికిత్స తర్వాత నొప్పి మందు చాలిందా లేదా తెలుసుకోవడానికి గ్రిమేస్ స్కేల్, పక్కన తిండి, బరువు, గూడు కట్టుకునే తీరు.

ఓపియాయిడ్ లాంటి కొత్త అణువు మీద పనిచేస్తుంటే: టెయిల్ ఫ్లిక్, హాట్ ప్లేట్ రెండూ. మొదటిది వెన్నుపామును, రెండోది మెదడును చూపుతుంది, రెండింట్లోని తేడా కూడా సమాచారమే. ఓపియాయిడ్లను అడ్డుకునే నాలోక్సోన్ ఇస్తే ప్రభావం పోతుందా లేదా తప్పక చూడండి.

మొక్కల సారం, ఆరు నెలల గడువు, పరికరాలు దాదాపు లేవు: మన దగ్గర ఎక్కువమంది ఈ కోవలోనే ఉంటారు. ఫార్మలిన్ పరీక్ష పెట్టుకోండి. దానికి కావాల్సింది ఒక గాజు పెట్టె, వెనక ఒక అద్దం, స్టాండు మీద ఒక ఫోను. వీడియో తీసి, గుంపుల సంగతి తెలియని స్నేహితుడి చేత నాకిన సెకన్లు లెక్కపెట్టించండి. దానితోపాటు, ఓపియాయిడ్ స్టాండర్డ్ దొరికితే హాట్ ప్లేట్, ఏది ఎలా ఉన్నా రోటారాడ్. రైతింగ్ అక్కర్లేదు. గైడ్ పట్టుబడితే, అదే సమాచారం ఫార్మలిన్ రెండో దశలో ఇంకా స్పష్టంగా దొరుకుతుందని, ఒక గుంపు జంతువులు మిగులుతాయని చెప్పండి. ఎథిక్స్ కమిటీకి ఇచ్చే ఫారం బిలో కటాఫ్ సెకన్లు, ఫార్మలిన్ గాఢత, పరిశీలన 30 నిమిషాలకు ముగియగానే జంతువును నొప్పి లేకుండా ఎలా ముగిస్తారన్నది విడివిడిగా రాయండి. కమిటీ సభ్యులు అడిగే మొదటి మూడు ప్రశ్నలు దాదాపుగా ఇవే ఉంటాయి.